బొడ్రాయి నాడు కట్టేసిన తీగ

తీగ మూగబోతే మొదటి తిట్టు గాలికి, రెండో తిట్టు కాకికి, మూడో తిట్టు వాల్యాకి. తొర్రూరు టెలిఫోన్ ఆఫీసులో ఏళ్ల తరబడి ఇదే వరస. గాలికి తిట్లు తగలవు, కాకి లెక్కచేయదు. ఇక మిగిలిన వాల్యా తోలుసంచీ భుజాన వేసుకుని, సైకిలెక్కి, స్తంభాల వెంట బయలుదేరేవాడు.

అతను ఆ నౌకరిలోకి వచ్చిన తీరు కూడా తమాషాగానే ఉంటుంది. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కావాలని పిల్లలు బడులు వదిలి రోడ్ల మీదికి వచ్చినప్పుడు ఊరూరా తీగలు తెగాయి, స్తంభాలు పడ్డాయి. వాటిని మళ్లీ నిలబెట్టడానికి ఆఫీసువాళ్లు కనబడ్డ ప్రతివాణ్నీ కూలికి పిలిచారు. వాల్యా తండా నుంచి గుంతలు తవ్వడానికి వచ్చాడు. "జై తెలంగాణ అన్నోళ్లు తెంపిర్రు, జై తెలంగాణ అనుకుంటనే నేను కట్టిన" అని నవ్వేవాడు తర్వాత్తర్వాత. గొడవలు సద్దుమణిగాయి, వచ్చిన కూలీలందరూ వెళ్లిపోయారు. కోతికన్నా సులువుగా స్తంభం ఎక్కుతాడని వాల్యాను మాత్రం ఉంచుకున్నారు. కొన్నేళ్లకు పర్మినెంటు చేశారు. తండాలో సర్కారు నౌకరి చేసిన మొదటి మనిషి అతనే. ఆ సంగతి తండాలో ఎవరైనా మరచిపోతే తనే గుర్తుచేసేవాడు.

లోపం పట్టే పద్ధతి అతనికి ఎవరో పాత లైన్‌మన్ నేర్పాడు. స్తంభాలన్నీ ఒక్కొక్కటిగా ఎక్కి చూసుకుంటూ పోతే ప్రాణం కడతేరుతుంది. అందుకని దారికి నడిమధ్యన ఉన్న స్తంభం ఎక్కాలి. అక్కడ తీగ విప్పి, సంచీలోని చేతి ఫోను తగిలించి, ఆఫీసులో కూర్చున్న ఆపరేటర్ అరుణను పిలవాలి. ఆమె పలికిందా, ఇటువైపంతా క్షేమం, జబ్బు అవతలి సగంలో ఉన్నట్టు. పలకలేదా, ఇవతలి సగంలోనే ఉన్నట్టు. మళ్లీ ఆ సగంలో సగం. అలా తరుముకుంటూ పోతే దొంగ ఎక్కడో ఒకచోట దొరుకుతాడు. ఒకసారి గాలిపటం తోక, ఒకసారి విరిగిపడ్డ తాటిమట్ట. ఇంకోసారి ఒక ఆసామి స్తంభానికి దన్నుగా కట్టిన తీగకు తన బర్రెను కట్టేశాడు. బర్రె గుంజినప్పుడల్లా మహబూబాబాద్ మాట తొర్రూరులో తడబడేది. వాల్యా ఆ బర్రె కొమ్ములకు దండం పెట్టి విప్పాడు గాని, ఆసామిని మాత్రం నోటికొచ్చినట్టు తిట్టాడు. మనిషి మంచివాడే, నోరే కొంచెం దురుసు.

డెబ్బై తొమ్మిది ఎండాకాలం. ఆదివారం పొద్దున్నే అరుణ కబురు పెట్టింది.

"రావులకుంట పలుకుతలేదు వాల్యా. ఎంత తిప్పినా చప్పుడు లేదు."

రావులకుంటకు ఉన్నది ఒకటే ఫోను. అది సర్పంచ్ జగపతిరావు దొర గడీలో ఉంటుంది. ఊళ్లో ఎవరికి ఏ కబురు రావాలన్నా దానికే రావాలి. వాల్యా గాలినీ కాకినీ కలిపి తిట్టుకుని సైకిలు తీశాడు. నడిమి స్తంభం ఎక్కితే అరుణ శుభ్రంగా పలికింది. ముందుకు పోయి మళ్లీ ఎక్కాడు, మళ్లీ పలికింది. అలా పలికించుకుంటూ పోయి పోయి రావులకుంట పొలిమేరకు చేరాడు. ఆఖరి స్తంభం వైపు తలెత్తి చూసి, సైకిలు పట్టుకున్న చేతులతో అలాగే నిలబడిపోయాడు.

స్తంభం మీద రెండు తీగలనూ కలిపి ఒక ఇనుపగొలుసుతో బిగించి కట్టారు. గొలుసుకు వేపమండలు, పసుపు గుడ్డ, నిమ్మకాయ. రెండు తీగలు ఇలా కలిసిపోతే మాట ఆ గొలుసు దగ్గరే వెనక్కి తిరుగుతుంది, అవతలికి పోదు. పదేళ్ల నౌకరిలో వాల్యా ఎన్నో రకాల లోపాలు చూశాడు గాని, పసుపు కుంకుమలు పెట్టి చేసిన లోపాన్ని చూడలేదు.

స్తంభం కింద డప్పులు మోగుతున్నాయి. కర్రలు పట్టుకున్న మనుషులు వరసగా నిలబడ్డారు. వాళ్ల ముందు నేల మీద ఎర్రటి అన్నం మెతుకులు గీతలా పోసి ఉన్నాయి.

"ఆడనే ఆగు!" అని అరిచాడు పోచయ్య. ఊరి దేవతల కొలువులన్నీ చేసే బైండ్లాయన అతను. ముఖాన పసుపు, చేతిలో వేపకొమ్మ. "పొలి చల్లినం. గీత దాటకు."

అప్పుడు గుర్తొచ్చింది వాల్యాకు. రావులకుంటలో ఇవాళ బొడ్రాయి పండుగ. ఊరి నడుమ బొడ్రాయిని నిలిపిన నాడు ఊరిని కట్టేస్తారు. బలి రక్తం కలిపిన అన్నాన్ని పొలిమేర చుట్టూ చల్లుతారు. అదే పొలి. ఇక మర్నాడు తెల్లారేదాకా లోపలివాళ్లు బయటికి పోవద్దు, బయటివాళ్లు లోపలికి రావద్దు. ఊరి ఆడబిడ్డలను ఎక్కడెక్కడి అత్తగారిళ్ల నుంచో ముందే పిలిపించుకుంటారు. కడుపుతో ఉన్నవాళ్లను మాత్రం పిలవరు. ఇదంతా వాల్యాకు తెలుసు. జగపతిరావు పోయిన సంతనాడు కనబడి "ఆ ఒక్కనాడు మా ఫోను బందు చెయ్యరాదురా" అని అడిగాడు కూడా. నౌకరి పోతది దొరా అని తను నవ్వేశాడు. పెద్దమనిషి తమాషాకు అడిగాడనుకున్నాడు.

"తీగలెందుకు కట్టిర్రు పోచన్నా?"

"మరి? ఊరంత కట్టి తీగ ఇడిసిపెడ్తమా? తలుపు మూసి కిటికీ తెరిసినట్టుంటది. మనిషి దాటొద్దన్నప్పుడు మనిషి మాట దాటొచ్చునా?" అన్నాడు పోచయ్య. మళ్లీ కొంచెం భయపడ్డట్టు గొంతు తగ్గించాడు. "కొయ్యలే వాల్యా, సర్కారు సొమ్ము. గొడ్డును కట్టేసినట్టు కట్టేసినం. తెల్లారంగనే మేమే ఇప్పుతం."

వాల్యాకు నవ్వొచ్చింది. తప్పు చేసినా ఎంత ఒద్దికగా చేశారు! తండాలో సీత్లా భవానిని కొలిచే రోజున పరాయివాడు వచ్చి నియమం తప్పమంటే తను మాత్రం ఊరుకుంటాడా? ఎవరి పండుగ వాళ్లది. ఆదివారం పూట ఈ ఊరికి ఎవడు ఫోను చేస్తాడు? ఒక్కరోజే కదా. వాల్యా సైకిలు వెనక్కి తిప్పాడు.

వచ్చిన దారిలో ఒక స్తంభం ఎక్కి అరుణకు చెప్పాడు.

"లోపం దొరికిందమ్మా. రేపు పొద్దుగాల సాఫ్ అయితది."

"రేపా?" అరుణ గొంతు ఒక్కసారిగా చిట్లిపోయింది. "రేపంటే ఎట్ల వాల్యా? పొద్దటి సంది వరంగల్ నుంచి అర్జెంటు కాలు. జగపతిరావు గారి అల్లుడు మల్లమల్ల చేస్తాండు. సంగతేందో ఇప్పుడే నాకు చెప్పిండు. రాధమ్మకు నెలలు నిండకముందే నొప్పులొచ్చినయంట. జనగామ నుంచి వరంగల్ పెద్ద దవాఖానకు తీస్కపోయిర్రు. రక్తం ఆగుతలేదంట. అత్తగారోళ్ల రక్తం ఎవరిదీ కలుస్తలేదు, పుట్టింటోళ్లు రావాలె, తొందరగ రావాలె అంటాండు. ఆయన ఏడుస్తాండు వాల్యా, ఫోన్ల ఏడుస్తాండు!"

వాల్యా చేతిలో ఫోను జారి తాడుకు వేలాడింది. దొర కూతురు రాధ ఆ గడీ అరుగు మీద గౌను వేసుకుని ఆడుకునే నాటి నుంచీ తెలుసు. తీగ లాగడానికి వచ్చినప్పుడు మంచినీళ్లు తెచ్చిచ్చిన పిల్ల. ఇప్పుడే, ఇంతకుముందే, తను ఆ గొలుసును చూసి నవ్వి వచ్చాడు. ఒక్కరోజే కదా అనుకుని వచ్చాడు. స్తంభం ఎలా దిగాడో అతనికే తెలియదు, మోచేతులు రెండూ గీసుకుపోయాయి.

పొలిమేర దగ్గరికి వచ్చి సైకిలు కింద పడేసి, దొరను పిలవమని కేకలు పెట్టాడు. డప్పులు ఆగిపోయాయి. జగపతిరావు వచ్చాడు. పట్టుపంచె, నుదుట గంధం, ఉపవాసంతో వాడిన ముఖం. వెనకాలే ఊరి ఆడవాళ్ల మధ్య నుంచి ఆయన భార్య లీలావతి కూడా వచ్చింది. ఆ గడీ దొరసాని పదిమందిలోకి రావడమే అరుదు, బొడ్రాయి కాబట్టి వచ్చింది.

వాల్యా గీతకు ఇవతల నిలబడి అంతా చెప్పేశాడు. రాధ, రక్తం, ఏడుస్తున్న అల్లుడు. చెప్పి, "గొలుసు ఇప్పమనుర్రి దొరా, మీరే అల్లుడితోని మాట్లాడుర్రి. లేకుంటే అట్లనే రార్రి, తొర్రూరుల జీపు దొరుకుతది" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. అందరి కళ్లూ జగపతిరావు మీదే ఉన్నాయి. మొదట నోరు విప్పినవాడు పోచయ్య.

"దొరా, కట్టినోన్ని నేను. ఇప్పే తీరు గూడ నాకెరుకే. ఒక్కమాట అనుర్రి, ఇప్పుత."

ఆ మాటకు వాల్యాకు ప్రాణం లేచివచ్చింది. కట్టినవాడే విప్పుతానంటే ఇంకేం అడ్డు?

"మీ అయ్య గూడ గిట్లనే ఇప్పిండు పోచిగా" అన్నాడు జగపతిరావు. ఆయన గొంతు పెద్దదేమీ కాలేదు. "తాసిల్దారు జీపు వచ్చిందని పొలి నడుమ తోవ ఇచ్చిండు. ఆ నెలనే కలరా వచ్చింది. నా పెద్దకొడుకు పోయిండు. ఈ వాడల ఎవలింట్ల పీనుగ లేవలే చెప్పు?" ఆయన కర్రలు పట్టుకున్నవాళ్ల వైపు, చంకల్లో పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ల వైపు చూశాడు. "నా బిడ్డకోసం ఇప్పితే ఈసారి ఎవలి బిడ్డ పోతది? సర్పంచిని నేను. ఏ ముఖం పెట్టుకొని ఇప్పమంట?"

తర్వాత వాల్యా వైపు తిరిగాడు. ఆ కళ్లలో కోపం లేదు. బావిలోకి తొంగిచూస్తున్నవాడి కళ్లలా ఉన్నాయి.

"నువ్వు చెప్పలే. నేను ఇనలే. పో."

కన్నతండ్రి! చెవిలో పడ్డ మాటను పడలేదని ఎలా అంటాడు? లక్షాధికారి ఫోను పెట్టించుకున్నది దేనికి? ఎన్నేళ్లుగానో ఈ దిక్కుమాలిన తీగలకు ప్రాణం పోస్తున్నాడు తను, ఒకరి మాట ఒకరికి అందాలని. మాట అందింది. అంది, అవతలి మనిషి చెవి దగ్గరే చచ్చిపోయింది. ఇలాంటి లోపానికి తన సంచీలో పనిముట్టు లేదు.

అప్పుడు లీలావతి ముందుకు నడిచింది. నెత్తి మీద కొంగు సర్దుకోలేదు. అది భుజం మీదికి జారిపోయింది.

"ఏడికి?" అన్నాడు జగపతిరావు.

"బయటికి."

"పిచ్చిలేసిందా నీకు? ఊరు కట్టినం."

"మీ ఊరు మీరు కట్టుకున్నరు" అంది లీలావతి. ఆమె గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆ ఊరివాళ్లకు ఆ రోజుదాకా తెలియదు. "పరాయోళ్లు లోపల ఉండొద్దన్నరు గదా. నేనెవలను? ఈ ఊరి కోడల్ని, ఈ ఊరి ఆడబిడ్డను గాదు. నాది పరాయి ఊరు. ఈ ఊరి ఆడబిడ్డ ఆడ రక్తం కారి సస్తాంది. పరాయి ఊరిదాన్ని ఈడ కట్టేసి మీరేం కాపాడ్తరు?"

పోచయ్య చేతిలోని వేపకొమ్మ కిందికి వాలిపోయింది. అతను పక్కకు జరిగాడు. కర్రలవాళ్లు దొర ముఖం చూశారు, దొర నేలను చూశాడు. లీలావతి వట్టి కాళ్లతో పొలి మెతుకులు తొక్కుకుంటూ గీత దాటింది. ఆడవాళ్లలో ఎవరో కెవ్వుమన్నారు. ఎవరో పిల్లల్ని గుండెకు హత్తుకున్నారు. ఆకాశం విరిగి పడలేదు గాని, పడినట్టే బిత్తరపోయారు అందరూ.

"సైకిలు తియ్యి వాల్యా."

గడీ దొరసాని, లంబాడ లైన్‌మన్ సైకిలు వెనక కూర్చుని పోవడం ఆ దారిన ఎవరూ కలలో కూడా చూసి ఉండరు. వాల్యా తొక్కుతున్నంతసేపూ ఆమె ఒక్క మాటే అడిగింది.

"పొద్దటి సంది చేస్తనే ఉన్నరా?"

"చేస్తనే ఉన్నరంట దొరసానీ" అన్నాడు వాల్యా. తాను ఒకసారి వచ్చి వెనక్కి పోయిన సంగతి చెప్పకుండా ఇంకా గట్టిగా తొక్కాడు.

తొర్రూరులో ధాన్యం బస్తాల లారీ ఒకటి వరంగల్ పోతుంటే అందులో ఎక్కించాడు, తనూ ఎక్కాడు. దవాఖాన వరండాలో అల్లుడు అత్తగారి కాళ్ల మీద పడ్డాడు. ఆమె రక్తం కలిసింది. రాధ దక్కింది. పుట్టిన బిడ్డ దక్కలేదు. మగపిల్లవాడు. అప్పటికే ఆలస్యమైందని నర్సమ్మ మెల్లగా చెబుతుంటే లీలావతి ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఆ పసిగుడ్డును చుట్టిన గుడ్డ అంచు సర్దింది. గోడకు ఒరిగి నిలబడ్డ వాల్యా అది చూశాడు. ఏడిస్తే బాగుండుననిపించింది.

తెల్లారి వాల్యా రావులకుంటకు పోయేసరికి స్తంభం కింద జగపతిరావు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. గొలుసు ఇంకా తీగల మీదే ఉంది. ఊరు విప్పి పోచయ్య ఎప్పుడో వచ్చాడట, తీగ మాత్రం ముట్టొద్దని దొరే ఆపాడట. వాల్యాను చూడగానే ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"చెప్పకు" అన్నాడు.

"రాధమ్మ బతికింది దొరా."

"బిడ్డ?" అన్నాడు జగపతిరావు. వాల్యా తల అడ్డంగా ఊపాడు. ఊపి, ఇక నిలబడలేక స్తంభం ఎక్కి గొలుసు విప్పాడు. వాడిన వేపమండలు రాలిపడ్డాయి. ఆ ఏడు రావులకుంటకు ఏ రోగమూ రాలేదు. కట్టు నిలిచిందని కొందరన్నారు, దొరసాని దాటినా ఏమీ కాలేదుగా అని కొందరన్నారు. ఊళ్లో ఆ వాదన చాలాకాలం నడిచింది.

లీలావతి మాత్రం తిరిగి రాలేదు. జనగామలోనే కూతురి దగ్గర ఉండిపోయింది. అల్లుడికి అక్కడ పత్తి వ్యాపారం, దుకాణంలో ఫోను ఉంది. వానలు మొదలయ్యాక జగపతిరావు దగ్గర నుంచి ఆఫీసుకు ఫిర్యాదు వచ్చింది. జనగామ లైను బాగాలేదు, మాట కలుస్తూనే తెగిపోతున్నది, వెంటనే మనిషిని పంపాలి అని.

వాల్యా తడుస్తూ పోయాడు. గడీ హాల్లో ఫోను ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు జగపతిరావు. గడ్డం పెరిగింది, మనిషి సగమయ్యాడు. వాల్యా ఫోను తిప్పి అరుణను అడిగాడు, అరుణ జనగామను కలిపింది.

"ఎవలు?" అంది అవతలి నుంచి లీలావతి. పక్కనే నిలబడి పిలిచినంత స్పష్టంగా.

"నేను దొరసానీ, వాల్యాను. లైన్ చూస్తాన."

"నువ్వా బిడ్డా? మంచిగ ఇనబడ్తాంది. రాధ లేచి తిరుగుతాంది, బువ్వ తింటాంది. వానల తిరుగకు, జరమొస్తది."

ఆ గొంతు బయటికి సన్నగా వినబడుతోంది. జగపతిరావు కుర్చీలోంచి లేచి చెయ్యి చాపాడు. చిన్నపిల్లవాడు తినేదాని కోసం చాపినట్టు చాపాడు. వాల్యా ఫోను ఇచ్చాడు.

"లీలా" అన్నాడాయన.

అవతల టక్కుమని పెట్టేసిన చప్పుడు. వాల్యాకు అది అక్కడిదాకా వినిపించింది.

జగపతిరావు ఫోనును చెవికి ఆనించుకునే ఉన్నాడు. ఆనించుకునే వాల్యా వైపు చూశాడు.

"సూసినవా? మల్ల తెగింది. ఏ స్తంభం కాడ తెగుతాందో పోయి సూడు వాల్యా. పోయి సూడు."

ఎక్కడా తెగలేదని చెప్పడానికి వాల్యా నోరు తెరిచాడు. ఆయన ముఖం చూసి మూసుకున్నాడు. సంచీ భుజాన వేసుకుని వానలోకి నడిచాడు. గడీ కిటికీలోంచి కనబడే స్తంభాన్ని వెతుక్కుని ఎక్కాడు. దొర చూస్తున్నాడని, బాగున్న తీగనే విప్పి, మళ్లీ మెల్లగా కట్టసాగాడు.